గురిగింజ సేటు: ఒక విలన్ బొమ్మ తయారీ డైరీ

నాలుగు నిమిషాల స్టాప్‌మోషన్ సినిమా, అంటే బొమ్మను కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో ఫొటో తీసి వరసగా ఆడించేది. ముగ్గురు పిల్లలు పాతబస్తీలో ఒక సేటు గద్దీ మీద నుంచి దొంగసొత్తు వజ్రాన్ని తిరిగి కొట్టేసే కథ. ఈ డైరీ సినిమా మొత్తం గురించి కాదు, ఆ సేటు బొమ్మ గురించే. అతని సీను 96 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో ఫొటో రెండు ఫ్రేములకు వాడుకుంటాం కాబట్టి సెకనుకు 12 ఫొటోలు, అంటే మొత్తం 1,152 ఫొటోలు కావాలి. మా మేడ మీది గదిలో నేను, మా బాబాయి కొడుకు కలిసి చేస్తున్నాం. పాడైనవన్నీ రాస్తున్నాను, ఎందుకంటే మేం మొదలుపెట్టినప్పుడు ఇలాంటిది తెలుగులో ఒక్కటీ దొరకలేదు.

దశ 0: మనిషెవరో తేల్చుకోవడం

మొదటి స్కెచ్చుల్లో ఆరడుగుల మనిషి, మెలితిప్పిన మీసం, చేతిలో కత్తి. అవన్నీ పక్కన పెట్టాను. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఇద్దరు దొంగలు వెంటిలేటర్ గుండా తాడుతో దిగి బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకెళ్లారు. కొద్ది రోజుల్లోనే పట్టుబడ్డారు, వస్తువులూ దొరికాయి. ఆ వార్తలు మళ్లీ చదువుతుంటే తట్టిందేంటంటే, దొంగతనం చెయ్యడం ఒక ఎత్తు, దాన్ని అమ్ముకోవడం ఇంకో ఎత్తు. ఊరంతా ఫొటో చూసేసిన వస్తువును కొనేదెవరు? అలాంటిది కొనగలిగే మనిషి ఒక్కడుంటే చాలు, ఊళ్లో ఉన్న దొంగలందరూ అతని గుమ్మం ముందు చెప్పులు విప్పాల్సిందే.

మా సేటు ఆ మనిషి. కత్తి పట్టడు, కేకలు వెయ్యడు. తూకం వేస్తాడు, ధర చెప్తాడు. వెనకటి కంసాలులు బంగారం తూచడానికి గురిగింజలు వాడేవారు, 96 గురిగింజలు ఒక తులం. ఆ పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు షాపుల్లో తులం అంటే 10 గ్రాములే. సేటు పాత తులం లెక్కన కొంటాడు, కొత్త తులం లెక్కన అమ్ముతాడు. ఈ ఒక్క సంగతితో మనిషి మొత్తం నాకు కనిపించాడు. గురిగింజ తన నలుపెరగదంటారు కదా, పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది.

కష్టం కూడా అక్కడే మొదలైంది. భయపెట్టాల్సింది అతని నిదానం. స్టాప్‌మోషన్‌లో పరుగులు, తన్నులు ఏదో ఒకలా నెట్టుకురావచ్చు కానీ నిదానంగా కూర్చున్న మనిషిని చూపించడం చాలా కష్టం. బట్ట ఒక్క మి.మీ. కదిలినా, తల కాస్త వాలినా, వెలుతురు కొంచెం మారినా ఆ నిదానం మొత్తం పోతుంది. కింద రాసిన మార్పులన్నీ దాని కోసమే చేశాం.

దశ 1: అస్థిపంజరం

కొలత ఆరో వంతు. అసలు మనిషి 168 సెం.మీ., బొమ్మ 28 సెం.మీ.

అల్యూమినియం తీగను 90 డిగ్రీలు వంచి మళ్లీ తిన్నగా చేస్తూ లెక్కపెట్టాం. 3 మి.మీ. ఒంటి తీగ 23 సార్లకు విరిగింది. 2 మి.మీ. తీగ రెండు పోగులు మెలేసింది 41 సార్ల దాకా ఆగింది. అందుకే కీళ్లన్నీ జంట తీగతోనే చేశాం.

1. రెండు పోగుల ఒక కొసను వైస్‌లో, రెండో కొసను డ్రిల్లు మూతిలో బిగించి నెమ్మదిగా తిప్పాలి. సెంటీమీటరుకు ఒక మెలిక చాలు. ఇంకా బిగిస్తే తీగ అప్పుడే గట్టిపడి, తర్వాత త్వరగా విరుగుతుంది.
2. మోచేయి, భుజం, నడుము లాంటి కీళ్ల దగ్గర తీగను ఖాళీగా వదిలి, మిగతా చోట ఎంసీల్ (కలిపి పెడితే రాయిలా గట్టిపడే ముద్ద) పట్టించి ఎముకలు చెయ్యాలి. ఒక రాత్రి ఆరనివ్వాలి.
3. పాదాల్లో ఎం3 (3 మి.మీ. బోల్టుకు పట్టే) నట్లు పెట్టి ఎంసీల్‌తో పూడ్చాలి.
4. 18 మి.మీ. ప్లైవుడ్‌కు చిల్లులు పెట్టి, కింది నుంచి బోల్టులు ఎక్కించి, పాదాలను నేలకు బిగించాలి.

ఈ బోల్టులు, నట్లు రాణిగంజ్‌లో విడిగా ఎన్ని కావాలంటే అన్ని ఇస్తారు. పొడుగులు రెండు మూడు రకాలు తెచ్చుకోండి, మేం ఒకే పొడుగు తెచ్చుకుని రెండోసారి వెళ్లాల్సి వచ్చింది.

నిలబెట్టి నడిపించి చూశాం. 40 ఫొటోల్లో బొమ్మ 6 మి.మీ. ముందుకు వాలింది. మూడో రోజు కుడి చీలమండ తీగ విరిగింది. బాగుచేసి మళ్లీ నిలబెట్టాక, అసలు ఈ మనిషి ఎందుకు నిలబడాలి అని మా తమ్ముడు అడిగాడు. "అన్నా, సేటు లేచి నిలబడితే ఇంక సేటేంది?" అన్నాడు. నిజమే. బేగంబజార్‌లో పాత దుకాణాల్లో ఇప్పటికీ తెల్ల పరుపు మీద బాలీసుకు ఆనుకుని కూర్చునే పెద్దవాళ్లున్నారు. వచ్చినవాళ్లే వంగి మాట్లాడతారు. సేటును గద్దీ మీద మఠం వేయించాం. నట్లు పాదాల్లోంచి తుంటి కిందికి మారాయి, రెండు బోల్టులతో కదలకుండా కూర్చున్నాడు. ఎత్తు 16 సెం.మీ.కి తగ్గింది. ఒక్క ఫొటో తియ్యకముందే సీను మెరుగైంది.

చేతుల విషయంలో ఒక జాగ్రత్త తీసుకున్నాం. మణికట్టు దగ్గర చదరపు ఇత్తడి గొట్టం ముక్క పెట్టి, అరచెయ్యి ఊడదీసి మార్చుకునేలా చేశాం. వేళ్లకు వాడేది 1 మి.మీ. తీగ, అది ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది.

ఖర్చు: తీగలు 340, ఎంసీల్ 120, బోల్టులు నట్లు 90, ప్లైవుడ్ 650. మొత్తం రూ. 1,200. పని 14 గంటలు.

దశ 2: మూడు తలలు

ఎక్కువ డబ్బు, ఎక్కువ రోజులు పోయింది ఇక్కడే.

మొదటి తల. బంకమట్టిలా ఉండే నూనె మట్టితో (ఎండిపోదు, స్కూల్లో పిల్లలు వాడే రకం) తల చెక్కి, దాని మీద ప్లాటినం రకం సిలికాన్ పోసి అచ్చు తీద్దామనుకున్నాను. డబ్బా మీద ఆరు గంటల్లో గట్టిపడుతుందని ఉంది. మర్నాడు పొద్దున చూస్తే పైన రబ్బరులా గట్టిపడింది, లోపల మట్టికి తగిలిన చోటల్లా తేనెలా జిగురు. కలిపిన పాళ్లు తప్పాయేమోనని ఇంకో చిన్న కప్పులో అదే పాళ్లలో కలిపి పెట్టాను, అది చక్కగా గట్టిపడింది. తప్పు పాళ్లలో లేదు, మట్టిలో ఉంది. చవక నూనె మట్టిలో గంధకం ఉంటుంది, గంధకం తగిలితే ప్లాటినం రకం సిలికాన్ ఎన్ని రోజులైనా గట్టిపడదు. రబ్బరు పాలతో చేసిన చేతి తొడుగులతో కూడా ఇదే తంటా. అర కిలో సిలికాన్ పోయింది. మీరు ఏ మట్టి కొన్నా ముందు గోలీ అంత ముద్ద మీద రెండు చుక్కలు వేసి ఒక రాత్రి ఆగండి, ఆ తర్వాతే డబ్బా తెరవండి.

రెండో తల. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు గంధకంతో పేచీ లేదు కాబట్టి అదే మట్టి తల మీద ప్లాస్టర్‌తో రెండు ముక్కల అచ్చు తీశాను. మొదటిసారి రెండు ముక్కలూ ఒకదానికొకటి అంటుకుపోయాయి. ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు చేసే ఒక పెద్దాయనను అడిగితే నవ్వి, మొదటి ముక్క అంచుకు సబ్బు నీళ్లు మూడు పూతలు పుయ్యమన్నారు. అంతే, రెండోసారి చేత్తో విప్పగానే వచ్చేసింది. లోపల మట్టి ఆనవాలు లేకుండా కడిగి, ఆరాక వార్నిష్ పూసి సిలికాన్ పోశాను. ముక్కు, పెదాలు, కళ్ల కింద ముడతలు, అన్నీ వచ్చాయి. చూడటానికి మూడింట్లో ఇదే అందమైన తల.

తూకం వేస్తే 132 గ్రాములు. మెడ తీగ మోయలేకపోయింది. సేటును కూర్చోబెట్టి, కదపకుండా 24 ఫొటోలు తీసి వరసగా చూస్తే, రెండు సెకన్లలో గడ్డం 3 మి.మీ. కిందికి దిగింది. తెర మీద సేటు కునికిపాట్లు పడుతున్నట్టుంది. మెడకు మూడో పోగు కలిపాను, అప్పుడు తల వాలలేదు గానీ తిప్పడానికి బలం పట్టి భుజాలు కూడా కదిలాయి. బరువు తగ్గించడం తప్ప దారి లేదు.

మూడో తల. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్క గుర్తొచ్చింది. విజయవాడలో ఉండే మా పిన్నికి ఫోన్ చేస్తే రెండు ముక్కలు సంపాదించి బస్సులో పంపింది. చేతిలోకి తీసుకుంటే అసలు చెక్కలా ఉండదు, అంత తేలిక. మామూలు కట్టర్ బ్లేడుతో కూడా చెక్కొచ్చు కానీ పొడుగు వాటాన్నే లాగాలి, అడ్డంగా లాగితే పీచు లేస్తుంది. తల చెక్కి, వెనక నుంచి తొలిచి, కళ్ల గుంతలు తీశాక 31 గ్రాములు.

ముక్కు, కనుబొమల ఎత్తు, చెవుల కోసం మక్కు వాడాను. చింతగింజల పొడిని ఉడికించి జిగురు చేసి, అందులో రంపపు పొట్టు కలిపితే మక్కు. కొండపల్లిలో చేతులు కాళ్లు అతికేది దీంతోనే. మొదటి ముక్కు ఒకేసారి 5 మి.మీ. మందంలో పెట్టాను, ఆరాక అడ్డంగా పగిలింది. రెండోది మి.మీ. చొప్పున పూతలు వేసి ఒక్కో పూతకు ఆరు గంటలు ఆరబెట్టాను, పగల్లేదు.

కళ్లు 9 మి.మీ. తెల్ల పూసలు. నల్లగుడ్డు నడుమ సూది మొన దిగేంత చిల్లు ఉంటే, సూదితో కన్ను ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. ధూల్‌పేట పెద్దాయన ఇంకో మాట కూడా చెప్పారు, కళ్లు అన్నిటికంటే చివర దిద్దమని. తల మెడకెక్కించి, వెలుతురు పెట్టి, కెమెరాలో చూస్తూ దిద్దాను. రెండో తలకు బల్ల మీదే దిద్దేశాను, కెమెరా ముందు అది పై కప్పు చూసింది.

ఖర్చు: సిలికాన్ 2,400, మట్టి 260, ప్లాస్టర్ 80, పొణికి 150, చింతగింజల పొడి 40, రంగులు 310. ఈ దశ రూ. 3,240. ఇప్పటిదాకా రూ. 4,440. పని 47 గంటలు, ఇప్పటిదాకా 61.

దశ 3: నోరు, తెలుగు మాట

గొంతు మా పెద్దనాన్నది. మొదటి రికార్డింగులో ఆయన సినిమా విలన్‌లా అరిచారు. "పెద్దనాన్నా, ఇంట్లో మా మీద కోపమొచ్చినప్పుడు ఎట్లా మాట్లాడతారో అట్లా అనండి" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, చాలా మెల్లగా, "నేనెప్పుడు కోపం చేసినరా మీ మీద?" అన్నారు. గదిలో ఉన్న ముగ్గురం ఒక్క క్షణం కదల్లేదు. ఆ గొంతే కావాలి అని చెప్పి వెంటనే రికార్డు చేశాం: "కూసో బిడ్డా. ఛాయ్ తాగు. డబ్బు సంగతి మెల్లగ మాట్లాడుదాం."

నోళ్లు విడివిడిగా చేసి అయస్కాంతాలతో అతికించే పద్ధతి మాది. ఇంటర్నెట్‌లో దొరికే నోటి ఆకారాల పట్టికలు ఇంగ్లిషు కోసం చేసినవి. అవి చూసి మొదట పది నోళ్లు చేశాను, అందులో నాలుగు ఒక్కసారి కూడా అక్కరకు రాలేదు. పెద్దనాన్న మాట్లాడుతుంటే ఫోన్‌లో వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి చూసి మళ్లీ మొదలుపెట్టాను. చివరికి మిగిలినవి ఏడు:

1. మూసిన పెదాలు: ప, బ, మ
2. బాగా తెరిచినది: అ, ఆ
3. పక్కలకు సాగినది: ఇ, ఎ
4. గుండ్రం: ఒ
5. ముడిచిన గుండ్రం: ఉ
6. కింది పెదవి పళ్లకు తగిలీ తగలనట్టు: వ
7. పళ్ల వెనక నాలుక కనిపించేది: త, ద, న, ల

క, గ, ట, డ నోటి లోపల పుట్టేవి, బయటికి కనపడవు. వాటికి పక్కనున్న అచ్చు నోరే సరిపోతుంది.

ఒత్తులు చాలా ముఖ్యం. "డబ్బు" అన్నప్పుడు పెదాలు మూసుకుని ఆగుతాయి, ఆ తర్వాతే ఉ వస్తుంది. డ ఒక ఫొటో, బ్బ రెండు, ఉ రెండు, మొత్తం అయిదు. మొదట బ్బకి ఒక్కటే ఇచ్చాను, తెర మీద "డబు" అన్నట్టుంది, చూసినవాళ్లందరికీ ఏదో తేడాగా ఉందని తెలిసింది కానీ ఏమిటో చెప్పలేకపోయారు. రెండోది ఇవ్వగానే మాట బరువు వచ్చింది, డబ్బు అనే మాటను సేటు నోట్లో కాసేపు ఉంచుకుని వదిలినట్టయింది.

తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి వాక్యం అయిపోయేసరికి నోరు తెరిచే ఉంటుంది. "బిడ్డా" దగ్గర సేటు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు, అమాయకుడిలా కనిపించాడు. అందుకే ప్రతి వాక్యం తర్వాత నాలుగు ఫొటోల్లో నోరు నెమ్మదిగా మూయించాను, సగం తెరిచినవి రెండు, ఆపైన మూసినవి రెండు. అప్పటి నుంచి మాట కన్నా ఆ మూసుకునే నోరే ఎక్కువ భయపెడుతోంది.

అయస్కాంతాలు 3 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం. తలకు రెండు, నోటికి రెండు చొప్పున 16 కావాలి, 20 కొన్నాం. మూడు నోళ్లకు వాటిని తిరగేసి అంటించాను, తల దగ్గరికి తీసుకెళ్తే నోరు ఎగిరిపడింది. అంటించే ముందే ఒక వైపు ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టుకోండి. తలలో ఉన్న రెండింటినీ ఎదురెదురు ధ్రువాలతో పెడితే నోరు తలకిందులుగా అతుక్కునే అవకాశమే ఉండదు, ఇది తమ్ముడి ఆలోచన. అన్నీ అమర్చాక తల 38 గ్రాములు. 24 ఫొటోల పరీక్ష మళ్లీ చేశాం, వాలింది సున్నా.

ఖర్చు: అయస్కాంతాలు 240, ఎంసీల్ 60. ఈ దశ రూ. 300. ఇప్పటిదాకా రూ. 4,740. పని 26 గంటలు, ఇప్పటిదాకా 87.

దశ 4: బట్టలు, సామాను

జనరల్ బజార్‌లో కొన్న జరీ ముక్క కెమెరా ముందు చుక్కలు చుక్కలుగా మిణుకుమంది, ప్రతి ఫొటోలో ఒక్కో చోట. తీసేశాం. తెల్ల పాప్లిన్ లాల్చీ కుట్టాం, దీపం కింద మొహం కంటే అదే వెలిగింది, పైగా రెండు రోజుల్లో మా వేళ్ల మురికి పట్టింది. చివరికి పనికొచ్చింది నాన్న పాత చేతిరుమాలు. ఎన్నో ఏళ్లు ఉతికి మెత్తబడిన బట్ట కాబట్టి ఇంత చిన్న ఒంటి మీద కూడా గోనెలా నిలబడకుండా వాలింది. టీ డికాషన్‌లో పది నిమిషాలు ముంచితే గోధుమ రంగు వచ్చింది.

బొమ్మను పట్టుకున్న ప్రతిసారీ బట్ట నలిగి, వరసగా ఆడిస్తే చొక్కా చీమలు పట్టినట్టు పాకుతుంది. దీనికి చేసినవి:

1. అంచుల మడతలో సన్నని రాగి తీగ కుట్టడం.
2. లోపలి వైపు నీళ్లు కలిపిన ఫెవికాల్ పల్చగా పూసి, మడతలు సర్దాక ఆరనివ్వడం.
3. బొమ్మను నడుము దగ్గర ముట్టుకోవడం మానేసి, భుజం వెనక ఒక్కచోటే పట్టుకోవడం.

మూడోదాంతో ఎక్కువ తేడా వచ్చింది.

సేటు ఉంగరానికి అసలు గురిగింజ పెడదామనుకున్నాను. పెట్టకండి. గురిగింజ లోపలి పప్పు విషం, పై తొక్క గట్టిగా ఉన్నంతసేపే భద్రం, చిల్లు పెడితే ఆ పొడి గాల్లోకి లేస్తుంది. పైగా అసలు గింజ ఆ వేలికి నిమ్మకాయంత కనిపిస్తుంది. 2 మి.మీ. పూసకు ఎరుపు, నలుపు రంగు వేశాను.

వజ్రానికి కొలత జేకబ్ వజ్రం నుంచి తీసుకున్నాం. 184.75 క్యారెట్లు, దాదాపు 39.5 మి.మీ. పొడుగు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాగితాల మీద బరువుగా పెట్టుకున్నారని చెప్పే రాయి. మా సేటు కూడా లెక్కల పుస్తకం మీద అలాగే పెడతాడు. ఆరో వంతు అంటే 6.6 మి.మీ., దూరం షాట్‌లో అది చక్కెర పలుకులా ఉంది. లెక్క ప్రకారం తప్పే అయినా 11 మి.మీ.కి పెంచాం. లాడ్‌బజార్‌లో గాజులకు అద్దే రాళ్లలో ఆ సైజు నాలుగు కొన్నాను, ఒకటి పోయినా పని ఆగకుండా.

ఖర్చు: జరీ 280, పాప్లిన్ 120, రాగి తీగ 60, రాళ్లు 80, పూసలు 20, త్రాసుకు ఇత్తడి ముక్కలు 140. ఈ దశ రూ. 700. ఇప్పటిదాకా రూ. 5,440. పని 22 గంటలు, ఇప్పటిదాకా 109.

దశ 5: వెలుతురు

412 ఫొటోలు తీశాం, 412 పారేశాం. తీసేటప్పుడు డ్రాగన్‌ఫ్రేమ్ అనే స్టాప్‌మోషన్ సాఫ్ట్‌వేర్‌లో చూసుకుంటూనే ఉన్నాం కానీ ఒక్కో ఫొటోగా చూస్తే ఏ తప్పూ కనపడదు. వరసగా ఆడిస్తే తెర అంతా మిణుకు మిణుకు. కారణాలు ఒక్కొక్కటే దొరికాయి:

1. కెమెరా ఆటోలో ఉంది. వెలుతురు, రంగు, ఫోకస్ అన్నీ చేత్తో పెట్టుకునేలా మార్చాం. కొంత తగ్గింది.
2. ఇప్పటి లెన్సులు ప్రతి ఫొటోకు వెలుతురు వచ్చే రంధ్రాన్ని మూసి తెరుస్తాయి, మూసిన ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా. చేత్తో తిప్పే రింగున్న పాత లెన్సు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. చాలా తగ్గింది.
3. రాత్రిపూట కింది ఇంట్లో ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా మా లైటు డల్ అవుతోంది. బ్యాటరీతో నడిచే లైట్లకు మారాం, షట్టర్ అర సెకను పెట్టాం.
4. తమ్ముడి పసుపు టీషర్టు వెలుతురు సేటు చెంప మీద పడుతోంది. ఇద్దరం నల్ల బట్టలు వేసుకుని, ఫొటో తీసేటప్పుడు ప్రతిసారీ అదే చోట నిలబడుతున్నాం.
5. ఫ్యాన్ ఆపాల్సిందే. ఏప్రిల్‌లో మేడ మీది గదిలో ఇది చిన్న విషయం కాదు. రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 దాకానే పని, కిటికీకి నల్లబట్ట.

ఖర్చు: లెన్సు 3,200, అడాప్టర్ 650, లైట్లు 1,100, నల్లబట్ట 250. ఈ దశ రూ. 5,200. ఇప్పటిదాకా రూ. 10,640. పని 31 గంటలు, ఇప్పటిదాకా 140. పనికొచ్చిన ఫొటోలు 0.

దశ 6: ఊపిరి

వెలుతురు కుదిరాక మొదటి ప్రయత్నం 288 ఫొటోలు, 24 సెకన్లు. సేటు వేలు చూపిస్తాడు, బాలీసు మీద చెయ్యి కొడతాడు, త్రాసు పక్కకు తోస్తాడు. సాంకేతికంగా తప్పుల్లేవు. మా పెద్దనాన్న చూసి, "గింత ఆగమాగం చేసేటోనికి ఎవడు భయపడతడు?" అన్నారు. పారేశాం.

రెండోసారి అసలు కదపలేదు, 120 ఫొటోలు, నోరు, కళ్లు తప్ప ఏదీ ముట్టుకోలేదు. ఇది ఇంకా ఘోరం. పక్కన పిల్లలు కదులుతుంటే సేటు కటౌట్‌లా ఉన్నాడు. మనిషి నిదానంగా ఉండటం వేరు, బొమ్మ ఆగిపోవడం వేరని ఆ రాత్రి అర్థమైంది. బతికున్న మనిషి ఎంత నిశ్చలంగా కూర్చున్నా ఊపిరి తీస్తాడు.

ఛాతీని వేలితో నొక్కి చూశాను. నొక్కిన ప్రతిసారీ ఒక్కో లోతు, లాల్చీ మళ్లీ పాకింది. ముట్టుకోకుండా కదపాలి. సేటు బాలీసుకు ఆనుకునే ఉన్నాడు కదా, ఆ బాలీసు లోంచి చేశాం:

1. బాలీసు వెనక ప్లైవుడ్ ముక్కకు ఎం3 నట్టు బిగించి, దాంట్లోంచి 60 మి.మీ. బోల్టు ఎక్కించాం. కెమెరాకు బాలీసే అడ్డు.
2. బొమ్మ వీపు స్పాంజిలో నాణెమంత చిల్లు, లోపల ఛాతీ వెనక పల్చటి ప్లాస్టిక్ బిళ్ల. బోల్టు కొస ఆ బిళ్లను ముందుకు తోస్తుంది, వెనక్కి తిప్పితే స్పాంజే బిళ్లను వెనక్కి తెస్తుంది.
3. ఎం3 బోల్టు ఒక చుట్టుకు 0.5 మి.మీ. నడుస్తుంది. బోల్టు తలకు అట్టముక్క చక్రం అంటించి, 24 గీతలు గీశాం.

మొదటి లెక్క: ఊపిరి తీసేది 18 ఫొటోలు, ఫొటోకు పావు చుట్టు, వదిలేది 24. నిమిషానికి 17 శ్వాసలు. మామూలు మనిషి లెక్కే, కానీ తెర మీద సేటు మెట్లెక్కి వచ్చినట్టు ఆయాసపడ్డాడు, ఛాతీ 2.25 మి.మీ. లేవడం కూడా ఎక్కువే. రెండో లెక్క: తీసేది 24 ఫొటోలు, వదిలేది 36. తీసేటప్పుడు ఫొటోకు 3 గీతలు, వదిలేటప్పుడు 2. రెండు వైపులా 72 గీతలే, సరిగ్గా మూడు చుట్లు, 1.5 మి.మీ. ఒక శ్వాసకు అయిదు సెకన్లు, నిమిషానికి 12. అది కుదిరింది.

పిల్లల్లో పెద్దది వణుకుతూ వజ్రం ధర అడుగుతుంది, సేటు ఊపిరి మారదు. రెండోవాడు తలుపు వైపు చూస్తాడు, మారదు. చిన్నది "మేం ఎవ్వరికి చెప్పలే సేట్ సాబ్" అని అబద్ధం ఆడిన వెంటనే, వదులుతున్న ఊపిరి మధ్యలో 8 ఫొటోలు బోల్టు ముట్టుకోలేదు. సెకనులో మూడింట రెండు వంతులు. కళ్లు తిప్పలేదు, రెప్ప వెయ్యలేదు, బొటనవేలు మాత్రం ఉంగరం మీది గురిగింజ పూసను ఒక్కసారి రాసింది. తర్వాత ఊపిరి మళ్లీ అదే లెక్కలో సాగింది. "ఛాయ్ తాగు" అన్నాడు. ఎడిటింగులో నేనే తీసిన ఫొటోలు చూస్తూ గుండె జారింది నాకు.

రెప్పపాటు 11 సెకన్లకు ఒకటి, మూడు ఫొటోలు: సగం, పూర్తిగా, సగం. ఇంకా తరచుగా వేయిస్తే మెత్తబడుతున్నాడు.

731వ ఫొటో దగ్గర కుడి బొటనవేలు తీగ విరిగింది, ఉంగరం రాసే వేలే అది. అప్పటికే చేసి పెట్టుకున్న రెండో అరచెయ్యి ఇత్తడి గొట్టంలో ఎక్కించి, తెర మీద పాత ఫొటోను పల్చగా పరిచి వేళ్లు అలాగే సర్దాం. పది నిమిషాలు పట్టింది. చెయ్యి మారిన చోటు తమ్ముడు ఇప్పటికీ కనిపెట్టలేకపోతున్నాడు.

ఖర్చు: బోల్టు, ప్లాస్టిక్, అట్ట 60. ఇప్పటిదాకా రూ. 10,700. పని 58 గంటలు, ఇప్పటిదాకా 198.

తీసిన ఫొటోలు 1,624. పారేసినవి 820. ఉంచినవి 804, అంటే 67 సెకన్లు. మిగిలినవి 348, 29 సెకన్లు. అందులో పిల్లలు వజ్రం తీసుకుని వెళ్లిపోయాక సేటు ఒంటరిగా కూర్చునే షాట్ ఉంది. అక్కడ ఊపిరి లెక్క మార్చాలా వద్దా అని ఇద్దరికీ వాదన నడుస్తోంది. నేను మార్చొద్దంటున్నాను, తమ్ముడు తీసేది 20 చెయ్యమంటున్నాడు. ఈ రాత్రి 11కి రెండు రకాలుగానూ అయిదేసి సెకన్లు తీసి, పొద్దున పెద్దనాన్నకు చూపిస్తాం.